చిన్న నదీ పరీవాహక ప్రాంతాల పర్యావరణ ఆరోగ్యంపై మానవ ప్రభావాన్ని అంచనా వేసే విధానం: మూసీ నది ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

చిన్న నదీ పరీవాహక ప్రాంతాలు విస్తీర్ణంలో తక్కువైనందున మానవ కార్యకలాపాల ప్రభావం వాటిపై త్వరగానూ తీవ్రంగానూ కనిపిస్తుంది. ఆ ప్రభావాన్ని నీటి నాణ్యత పరీక్షల ద్వారా మాత్రమే అంచనా వేయడం అసంపూర్ణం. భూవినియోగం, ప్రవాహ సరళి, నీటి నాణ్యత, జలజీవులు, నదీ తీర స్థితి అనే ఐదు అంశాలను కలిపి పరిశీలించవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ ఐదు అంశాల కొలమానాలు, వాటిని ఒకే సూచికగా సమ్మేళనం చేసేటప్పుడు దొర్లే పొరపాట్లు, మూసీ నది ఎగువ, నగర, దిగువ భాగాలకు ఈ విధానం వర్తించే తీరు చర్చించబడినవి. నదికి ఆరోగ్యకరమైన స్థితి, రైతుకు ఉపయోగకరమైన స్థితి ఎల్లవేళలా ఒకటి కావని, ఈ రెండింటినీ విడివిడిగా అంచనా వేసినప్పుడే విస్తరణ సలహా సక్రమంగా ఉంటుందని ఈ పరిశీలన సూచిస్తున్నది.

ముఖ్య పదాలు: పరీవాహక ప్రాంతం, పర్యావరణ ఆరోగ్యం, భూవినియోగం, జీవ సూచికలు, మురుగునీటి సేద్యం, మూసీ

ఉపోద్ఘాతం

భారతదేశంలో నదీ పరీవాహక ప్రాంతాలను విస్తీర్ణాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించడం వాడుకలో ఉన్నది. 20,000 చదరపు కిలోమీటర్లకు మించినవి పెద్దవి, 2,000 నుండి 20,000 వరకు మధ్యతరహావి, 2,000 కంటే తక్కువైనవి చిన్నవి. పెద్ద నదుల విషయంలో ప్రవాహ కొలతలు, నాణ్యత పరీక్షలు దశాబ్దాలుగా క్రమబద్ధంగా జరుగుతున్నాయి. చిన్న నదులు, వాగుల విషయంలో అటువంటి సమాచారం అరుదు. అయితే రైతు పొలానికి నీరు చేరేది, పశువు దాహం తీరేది, గ్రామపు బావిలో ఊట నిలిచేది ఎక్కువగా ఈ చిన్న పరీవాహకాల వల్లనే.

పెద్ద నదిలో ఒక పట్టణపు మురుగు కలిసినా అధిక ప్రవాహం దానిని పలుచన చేస్తుంది. చిన్న వాగుకు ఆ శక్తి లేదు. ఒక క్వారీ, ఒక లేఅవుట్, కొన్ని వందల బోరుబావులు ఆ వాగు స్వభావాన్నే మార్చివేయగలవు. మరొకవైపు, విస్తీర్ణం తక్కువ కావడం వల్ల కారణానికి, ఫలితానికి గల సంబంధాన్ని గుర్తించడం ఇక్కడ సులభం. దిద్దుబాటు చర్యల ఫలితం కూడా కొన్ని సంవత్సరాలలోనే కనిపిస్తుంది. అందువలన పర్యావరణ ఆరోగ్య అంచనాకు చిన్న పరీవాహకమే సరైన ప్రమాణ క్షేత్రం.

పర్యావరణ ఆరోగ్యం అనగా నది మనిషి స్పర్శ లేకుండా ఉండటం కాదు. ఒడిదుడుకులను తట్టుకొని తన ప్రవాహాన్ని, జీవజాలాన్ని, స్వయంశుద్ధి శక్తిని తిరిగి నిలుపుకోగల స్థితిలో ఉండటం. శతాబ్దాలుగా చెరువులు, కుంటలు నిర్మించుకొని జీవించిన దక్కన్ పీఠభూమిలో ఈ నిర్వచనమే ఆచరణీయం.

పరిశీలించిన పరీవాహకం

మూసీ నది వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, హైదరాబాద్ నగరం గుండా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణా నదిలో కలుస్తుంది. పొడవు సుమారు 240 కిలోమీటర్లు. మొత్తం పరీవాహక విస్తీర్ణం సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు. ఈ లెక్కన మూసీ మధ్యతరహా పరీవాహకం. కాని దీని ఎగువ భాగంలో మూసీపై ఉన్న ఉస్మాన్‌సాగర్‌కు సుమారు 740 చదరపు కిలోమీటర్ల నుండి, ఈసీ ఉపనదిపై ఉన్న హిమాయత్‌సాగర్‌కు సుమారు 1,300 చదరపు కిలోమీటర్ల నుండి నీరు చేరుతుంది. ఈ రెండూ చిన్న పరీవాహకాల తరగతికి చెందుతాయి.

1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద హైదరాబాద్ నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నియంత్రణ ప్రణాళిక రూపొందింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. వరద నియంత్రణతోపాటు ఇవి నగరానికి తాగునీటి వనరులుగా కూడా ఉపయోగపడినవి. ఒకే నదిపై అటవీ వాగులు, వర్షాధార సేద్యం, తాగునీటి జలాశయాలు, మహానగరం, మురుగునీటి సేద్యం వరుసగా ఉండటం వలన, మానవ ప్రభావంలోని భిన్న రూపాలను పోల్చి చూడటానికి మూసీ అనువైన ఉదాహరణ.

పోలికకు ప్రామాణిక స్థితి

ఏ అంచనాకైనా పోలిక అవసరం. "నది చెడిపోయింది" అనే మాటకు దేనితో పోల్చి చెడిపోయింది అనే ప్రశ్న ముందు రావాలి. మానవ జోక్యం ఏమాత్రం లేని వాగు దక్కన్‌లో దాదాపు దొరకదు. కాబట్టి అదే శిల, నేల, వర్షపాతం గల ప్రాంతంలో అతి తక్కువ జోక్యానికి గురైన వాగును ప్రామాణిక స్థానంగా తీసుకుంటారు. మూసీ విషయంలో అనంతగిరి అటవీ భాగంలోని మొదటి శ్రేణి వాగులు ఇందుకు తగినవి.

ఈ ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. మొదటి శ్రేణి వాగు సహజంగానే ఎండాకాలంలో ఎండిపోతుంది. దానిలోని జీవజాలం కూడా అందుకు అనుగుణంగా ఉంటుంది. దానిని నాలుగవ, ఐదవ శ్రేణి ప్రవాహంతో నేరుగా పోల్చడం తగదు. ఒకే శ్రేణికి చెందిన ప్రవాహాలనే పోల్చాలి. పెద్ద శ్రేణులలో ప్రామాణిక స్థానం లభించనప్పుడు పాత పటాలు, జలాశయాల ఆవక లెక్కలు, వయోవృద్ధులైన రైతులు, మత్స్యకారుల జ్ఞాపకాలు పూర్వస్థితిని ఊహించడానికి ఉపకరిస్తాయి.

అంచనాలోని ఐదు అంశాలు

1. భూవినియోగం

నదిలో కనిపించే మార్పుకు మూలం సాధారణంగా నేలపై ఉంటుంది. కనీసం రెండు కాలాల ఉపగ్రహ చిత్రాలను పోల్చి అటవీ, సాగు, బీడు, నిర్మాణ, జలవనరుల విస్తీర్ణంలో వచ్చిన మార్పును లెక్కించాలి. దీనిని మొత్తం పరీవాహకానికి ఒకసారి, వాగుకు ఇరువైపులా ఉండే సన్నని పట్టీకి ప్రత్యేకంగా మరొకసారి చేయాలి. పరీవాహకంలో నిర్మాణాల వాటా తక్కువగా ఉన్నా, అవన్నీ వాగు ఒడ్డునే ఉంటే ప్రభావం ఎన్నో రెట్లు ఎక్కువ.

భూవినియోగ మార్పు వరదను ఎలా పెంచుతుందో కర్వ్ నంబర్ పద్ధతి ద్వారా గ్రహించవచ్చు. ఒక రోజులో 100 మి.మీ. వర్షం కురిసిందనుకుందాం. కర్వ్ నంబర్ 70 గల సాగుభూమిలో ఉపరితల ప్రవాహం సుమారు 33 మి.మీ. మాత్రమే. అదే భూమి ఇళ్ళు, రోడ్లతో నిండి కర్వ్ నంబర్ 90కి చేరితే ప్రవాహం సుమారు 73 మి.మీ. అవుతుంది. అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 40,000 ఘనపు మీటర్ల నీరు నేలలో ఇంకక వాగులోకి అదనంగా, అదీ తక్కువ వ్యవధిలో చేరుతుంది. వరద పెరగడం, వేసవి ఊట తగ్గడం ఒకే మార్పుకు రెండు ముఖాలు.

2. ప్రవాహ సరళి

నదికి ఎంత నీరు ఉన్నదనే ప్రశ్నకంటే, ఏ కాలంలో ఎంత, ఎన్నాళ్ళు, ఎంత వేగంగా పెరిగి తగ్గుతున్నదనే ప్రశ్న ముఖ్యం. చేపల వలస, గుడ్లు పెట్టడం, ఒడ్డున విత్తనాలు మొలకెత్తడం ఈ లయపై ఆధారపడి ఉంటాయి. 1976లో ప్రతిపాదించబడిన టెన్నెంట్ పద్ధతి ప్రకారం సగటు వార్షిక ప్రవాహంలో 10 శాతం జలజీవుల స్వల్పకాల మనుగడకు కనీసం. 30 శాతం సంతృప్తికరం. ఈ పద్ధతి ఏడాది పొడవునా పారే నదుల కోసం రూపొందినది. రుతుపవనాలపై ఆధారపడిన మన వాగులకు దీనిని యథాతథంగా వర్తింపజేస్తే, సహజంగా ఎండిపోయే నెలలు కూడా లోపంగా నమోదవుతాయి. కాబట్టి ప్రతి నెల ప్రవాహాన్ని ఆ నెల పూర్వపు సగటుతోనే పోల్చాలి. పెరుగుదల, తగ్గుదల రెండింటినీ విచలనంగానే పరిగణించాలి.

3. నీటి నాణ్యత

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఉపయోగాన్ని బట్టి ఐదు తరగతులుగా వర్గీకరించింది. వీటిలో ముఖ్యమైన పరిమితులు ఇవి:

స్నానానికి అనువైన రెండవ తరగతి: కరిగిన ఆమ్లజని లీటరుకు కనీసం 5 మి.గ్రా.; జీవరసాయన ఆమ్లజని అవసరం (బి.ఓ.డి.) గరిష్ఠంగా 3 మి.గ్రా.

వన్యప్రాణులకు, చేపల పెంపకానికి అనువైన నాల్గవ తరగతి: కరిగిన ఆమ్లజని కనీసం 4 మి.గ్రా.; స్వేచ్ఛా అమోనియా గరిష్ఠంగా 1.2 మి.గ్రా.

సేద్యానికి అనువైన ఐదవ తరగతి: విద్యుత్ వాహకత గరిష్ఠంగా సెంటీమీటరుకు 2,250 మైక్రోమోలు, సోడియం శోషణ నిష్పత్తి గరిష్ఠంగా 26, బోరాన్ లీటరుకు గరిష్ఠంగా 2 మి.గ్రా.

సేద్యపు తరగతికి కరిగిన ఆమ్లజని, బి.ఓ.డి. పరిమితులు లేవనేది గమనార్హం. చేప ఒక్కటీ బతకలేని నీరు కూడా ఈ కొలమానం ప్రకారం సేద్యానికి అర్హమైనదిగా తేలవచ్చు. కాబట్టి "సేద్యానికి పనికివస్తుంది" అనే నిర్ధారణను "నది ఆరోగ్యంగా ఉంది" అనే అర్థంలో వాడరాదు.

నమూనా సేకరణ సమయం ఫలితాన్ని శాసిస్తుంది. నాచు అధికంగా ఉన్న నీటిలో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వల్ల కరిగిన ఆమ్లజని ఎక్కువగా, తెల్లవారుజామున శ్వాసక్రియ వల్ల అతి తక్కువగా ఉంటుంది. పగటిపూట తీసిన ఒకే నమూనా నదిని ఉన్నదానికంటే ఆరోగ్యంగా చూపుతుంది. సూర్యోదయానికి ముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీసి రెండింటి మధ్య తేడాను నమోదు చేయడం మేలు. ఆ తేడాయే పోషకాల కాలుష్యానికి సూచన. అదేవిధంగా వేసవి, వర్షాకాలం, వర్షానంతర కాలం మూడింటిలోనూ నమూనాలు అవసరం. సాంద్రతతోపాటు ప్రవాహాన్ని కూడా కొలిచి, రెండింటి లబ్ధంగా కాలుష్య భారాన్ని లెక్కించాలి. వర్షాకాలంలో సాంద్రత తగ్గినంత మాత్రాన భారం తగ్గినట్లు కాదు.

4. జలజీవులు

రసాయన పరీక్ష నమూనా తీసిన క్షణాన్ని చెబుతుంది. నది అడుగున నివసించే అకశేరుకాలు గడచిన వారాలు, నెలల చరిత్రను చెబుతాయి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై కీటకాల పిల్లదశలు శుభ్రమైన, ఆమ్లజని సమృద్ధిగా గల నీటికి గుర్తు. అవి మాయమై ఎర్రని కైరోనమిడ్ లార్వాలు, ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రమే మిగిలితే సేంద్రియ కాలుష్యం తీవ్రంగా ఉన్నట్లు. కైరోనమిడ్ లార్వాల ఎరుపుకు కారణమైన హీమోగ్లోబిన్ వాటిని అతి తక్కువ ఆమ్లజనిలో కూడా బతికిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ప్రమాణాలు కూడా ఈ సూత్రంపైనే 0 నుండి 10 వరకు సాప్రోబిక్ మార్కులను, 0 నుండి 1 వరకు వైవిధ్య మార్కులను నిర్దేశిస్తాయి. ఒక చేతివల, తెల్లటి పళ్ళెం, భూతద్దం ఉంటే ఈ పరిశీలనను విద్యార్థులు వాగు గట్టునే చేయవచ్చు.

చేపల విషయంలో 1981లో జేమ్స్ కార్ రూపొందించిన జీవ సమగ్రతా సూచిక 12 కొలమానాలకు 1, 3, 5 చొప్పున మార్కులిచ్చి మొత్తం 12 నుండి 60 వరకు లెక్కిస్తుంది. ఆ కొలమానాలు అమెరికా వాగులకు చెందినవి. స్థానిక జాతులకు అనుగుణంగా మార్చుకోవాలి. ఉదాహరణకు కొర్రమీను, మార్పు వంటి చేపలు గాలిని నేరుగా పీల్చగలవు. అవి దొరుకుతున్నాయన్నది నీటిలో ఆమ్లజని ఉన్నదనడానికి సాక్ష్యం కాదు. జాతుల సంఖ్య, సున్నిత జాతుల వాటా, విదేశీ జాతుల వాటా మూడింటినీ కలిపి చూడాలి.

5. నదీ తీరం, నది అడుగు

ఒడ్డున చెట్ల వరుస ఎంత వెడల్పున ఉన్నది, గట్లు కోతకు గురవుతున్నాయా, ఇసుక తవ్వకం వల్ల నది అడుగు దిగిపోయిందా, గుర్రపుడెక్క ఎంత మేరకు కమ్ముకున్నది అనే అంశాలను ప్రతి అధ్యయన స్థానం వద్ద 100 మీటర్ల పొడవున నమోదు చేయాలి. ఇసుక తొలగించడం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. వాగులోని ఇసుక వర్షపు నీటిని దాచుకొని పక్క బావులకు నెమ్మదిగా అందించే ఖజానా. అడుగు ఒక మీటరు దిగితే, ఇరువైపులా భూగర్భ జలమట్టం కూడా వాగువైపు వాలి దిగుతుంది.

సూచికల సమ్మేళనంలో పొరపాట్లు

ఐదు అంశాలకు 0 నుండి 5 వరకు మార్కులిచ్చి సగటు తీయడం సాధారణ పద్ధతి. దీనిలోని లోపాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు. నగరం దిగువన ఉన్న ఒక స్థానంలో భూవినియోగానికి 2, నీటి నాణ్యతకు 1, జలజీవులకు 1, తీరానికి 2 మార్కులు వచ్చినవనుకుందాం. వేసవిలోనూ నీరు నిండుగా పారుతున్నందున ప్రవాహానికి పూర్తిగా 5 మార్కులు వేశారనుకుందాం. మొత్తం 25కు 11, అనగా 44 శాతం. 40 నుండి 60 శాతాన్ని మధ్యస్థంగా పరిగణిస్తే ఆ స్థానం మధ్యస్థ ఆరోగ్యంలో ఉన్నట్లు నమోదవుతుంది.

అయితే ఆ వేసవి ప్రవాహం మురుగునీరే. పూర్వం ఎండిపోయే నెలల్లో నది పారడం సహజ లయనుండి తీవ్ర విచలనం. ఆ దృష్టితో ప్రవాహానికి 1 మార్కే ఇస్తే మొత్తం 7, అనగా 28 శాతానికి దిగుతుంది. ఒకే నది, అవే కొలతలు. ప్రశ్న మారితే తరగతి మారిపోయింది.

సగటులోని రెండవ లోపం, ఒక అంశంలోని బలం మరొక అంశంలోని పతనాన్ని కప్పివేయడం. గట్టున ఎన్ని చెట్లు నాటినా ఆమ్లజని లేని నీటిలో చేప బతకదు. ఈ కారణంగానే ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరపు జల చట్ర ఆదేశం అత్యంత బలహీనమైన అంశాన్నే తుది తరగతిగా పరిగణించే నియమాన్ని స్వీకరించింది. ఈ నియమం కఠినమైనది. స్వల్ప పురోగతిని చూపలేదు. కనుక నివేదికలో మొత్తం మార్కులతోపాటు ఐదు అంశాల మార్కులను విడివిడిగా, అత్యంత బలహీన అంశాన్ని ప్రత్యేకంగా పేర్కొనడం ఉత్తమం. నీటి శాఖకు, రైతుకు, విద్యార్థికి పనికివచ్చేది చివరి అంకె కాదు, ఆ అంకెకు దారితీసిన కారణం.

మూసీలో మూడు భాగాలు, మూడు ప్రభావాలు

ఎగువ భాగం: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకాల రక్షణకు 1996లో ప్రభుత్వ ఉత్తర్వు 111 ద్వారా జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలు, భారీ నిర్మాణాలపై ఆంక్షలు విధించబడినవి. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. ఇక్కడ నిర్మాణాల విస్తరణ ఒక ఒత్తిడి అయితే, వ్యవసాయ శాస్త్రవేత్తలు సులభంగా గుర్తించని మరొక ఒత్తిడి కూడా ఉన్నది. జలాశయాలలోకి వచ్చే నీరు తగ్గడానికి వర్షపాతంలోని మార్పు కంటే ఎగువన పెరిగిన బోరుబావుల సేద్యం, చెక్‌డ్యాంలు, గట్లు వంటి నిర్మాణాలు ప్రధాన కారణాలని అధ్యయనాలు సూచించినవి.

దీనిని ఒక లెక్కతో గ్రహించవచ్చు. 740 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో ఏడాదికి అదనంగా 40 మి.మీ. నీటిని పొలాలలోనే నిలిపితే, దిగువకు రాని నీరు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లు, అనగా ఒక టి.ఎం.సి.కి పైగా. ఉస్మాన్‌సాగర్ నిల్వ సామర్థ్యం 3.9 టి.ఎం.సి. అంటే దాదాపు నాల్గవ వంతు. వాటర్‌షెడ్ పనులు నేల కోతను తగ్గించినవి, ఎగువ రైతుకు రెండవ పంటను ఇచ్చినవి; ఇది నిస్సందేహంగా మేలు. కాని నది దృష్టిలో అది కూడా మానవ ప్రభావమే. ఎగువన ఎన్ని నిర్మాణాలు చేపట్టాలో నిర్ణయించేటప్పుడు దిగువకు వదలవలసిన వాటాను కూడా ప్రణాళికలో చేర్చాలి.

నగర భాగం: జలాశయాల దిగువన, బాపూఘాట్ వద్ద ఈసీ కలిసిన తరువాత, మూసీ స్వభావం పూర్తిగా మారుతుంది. మంజీర, కృష్ణా, గోదావరి నుండి నగరానికి తెచ్చిన తాగునీరు వినియోగం తరువాత మురుగుగా మూసీలో చేరుతుంది. వర్షాకాలపు నది ఈ విధంగా జీవనదిగా మారింది; అయితే ఆ జీవం ఇతర పరీవాహకాల నీటిది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాలలో మూసీ, బి.ఓ.డి. లీటరుకు 30 మి.గ్రా. మించిన మొదటి ప్రాధాన్యత తరగతిలో ఉన్నది. ఈ భాగంలో బలహీన అంశం ఏదన్న దానిలో సందేహం లేదు. నీటి నాణ్యత మెరుగుపడనిదే తీర సుందరీకరణ వల్ల ఆరోగ్య సూచిక పెరగదు.

దిగువ భాగం: నగరం దాటిన తరువాత నదిపై వరుసగా కత్వలు ఉన్నాయి. వీటి నుండి కాలువల ద్వారా చెరువులకు, పొలాలకు నీరు మళ్ళుతుంది. నగరానికి సమీపంలో పాడి పశువులకై పారాగడ్డి, ఆకుకూరలు, ఇంకా దిగువన వరి విస్తారంగా పండుతాయి. కత్వ వెనుక నీరు నిలిచినప్పుడు ఘనపదార్థాలు, పురుగుల గుడ్లు అడుగుకు చేరుతాయి. కత్వపై నుండి దుమికినప్పుడు నీటికి ఆమ్లజని అందుతుంది. దూరం పెరిగేకొద్దీ సేంద్రియ కాలుష్యం, పురుగుల గుడ్లు గణనీయంగా తగ్గుతున్నట్లు అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పాలుపంచుకున్న అధ్యయనాలు తెలిపినవి. నీటి మళ్ళింపు కోసం కట్టిన కత్వలు ఎవరూ ఉద్దేశించకుండానే శుద్ధి కేంద్రాలుగా పనిచేస్తున్నాయి.

కాని ఈ శుద్ధికి హద్దులున్నాయి. కరిగిన లవణాలు కత్వ వెనుక అడుగుకు చేరవు. పొలాల నుండి తిరిగి నదికి చేరే మురుగునీరు వాటిని ఇంకా పెంచుతుంది. పైగా నీటి నుండి తొలగిన భార లోహాలు, సేంద్రియ పదార్థం మాయం కాలేదు. పూడికలోకి, పొలం మట్టిలోకి చేరినవి. నీటి నాణ్యతను మాత్రమే కొలిచే అంచనా ఈ బదిలీని పట్టుకోలేదు. అందుకే దిగువ భాగంలో నీటితోపాటు కత్వ పూడిక, పొలం మట్టి, గడ్డి నమూనాల విశ్లేషణ తప్పనిసరి.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

దిగువ రైతుకు నది సూచిక కంటే "ఈ నీటితో ఏమి పండించాలి, ఎలా పండించాలి" అనే ప్రశ్న ముఖ్యం. దానికి సమాధానం అదే సమాచారం నుండి రాబట్టవచ్చు.

ఉదాహరణకు విద్యుత్ వాహకత 1,500 మైక్రోమోలు గల నీటిలో లవణాలు లీటరుకు సుమారు 960 మి.గ్రా. ఉంటాయి. ఒక వరి పంటకు 1,200 మి.మీ. నీరు పెడితే హెక్టారుకు చేరే లవణాలు సుమారు 11.5 టన్నులు. మురుగు కాలువలు సరిగా లేని నల్లరేగడి భూములలో ఇవి వేళ్ళ మండలంలోనే పేరుకుపోతాయి. కాబట్టి చౌడు లక్షణాలు కనిపించకముందే ఏటా మట్టి పరీక్ష, మురుగు కాలువల పూడికతీత చేపట్టాలి. అవశేష సోడియం కార్బోనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించిన నీటికి జిప్సం వాడకం అవసరం.

అదే నీటిలో లీటరుకు 25 మి.గ్రా. నత్రజని ఉంటే హెక్టారుకు 300 కిలోల నత్రజని చేరుతుంది. కొంత భాగం వాయురూపంలోనూ ఊటలోనూ నష్టమైనా, మిగిలినది వరికి సాధారణంగా సిఫారసు చేసే మోతాదును మించవచ్చు. దానిపై యూరియా కూడా చల్లితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, గింజ ఆలస్యంగా గట్టిపడుతుంది, సుడిదోమ ఉధృతి పెరుగుతుంది. నీటి పరీక్ష ఆధారంగా ఎరువును తగ్గించడం ఇక్కడ ఖర్చు లేని మొదటి సలహా.

ఆరోగ్య రక్షణ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సేద్యానికి వాడే మురుగునీటిలో పేగు పురుగుల గుడ్లు లీటరుకు ఒకటికి మించరాదని సూచించింది. ఈ పరిమితి దాటే చోట్ల పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా వంటివాటికి బదులు పశుగ్రాసం, పూలు, ఉడికించి తినే పంటలు సూచించాలి. ఆకుకూరలు తప్పనిసరైతే నీటిని ఆకులపై చల్లకుండా సాళ్ళలో పారించడం, చివరి తడికి, కోతకు మధ్య కొన్ని రోజుల విరామం ఇవ్వడం, పొలంలో బూట్లు ధరించడం ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

ఎగువ గ్రామాలలో ప్రతి మండలానికి ఒకటి రెండు వాగు స్థానాలను ఎంచుకొని, వ్యవసాయ కళాశాల విద్యార్థుల ద్వారా సంవత్సరానికి మూడుసార్లు ప్రవాహం, కరిగిన ఆమ్లజని, విద్యుత్ వాహకత, అకశేరుకాల పరిశీలన నిర్వహించవచ్చు. ఒక్క సంవత్సరపు ఫలితం వర్షపాతపు హెచ్చుతగ్గులను మాత్రమే చూపుతుంది. ఐదారు సంవత్సరాల వరుస సమాచారం ఉంటేనే వర్షం ప్రభావాన్ని మనిషి ప్రభావం నుండి వేరుచేయడం సాధ్యమవుతుంది.

ముగింపు

చిన్న పరీవాహకం పర్యావరణ ఆరోగ్యాన్ని అంచనా వేయడమంటే ఒక అంకెను తేల్చడం కాదు. ఏ జోక్యం, ఏ భాగంలో, ఏ అంశాన్ని ఏ మేరకు మార్చిందో గుర్తించడం. మూసీ ఎగువ భాగంలో ప్రవాహం, నగర భాగంలో నీటి నాణ్యత, దిగువ భాగంలో లవణాలు, మట్టిలో చేరిన కాలుష్యాలు ప్రధాన సమస్యలు. ఒకే నదికి ఒకే చికిత్స సరిపోదు.

మురుగు మొత్తాన్ని శుద్ధి చేసి వేరొక చోటికి మళ్ళిస్తే నగర భాగంలో నది సూచిక మెరుగుపడవచ్చు. కాని అదే నీటిపై ఆధారపడిన దిగువ ఆయకట్టు ఎండిపోతుంది. శుద్ధి చేయకుండా యథాతథంగా వదిలితే ఆయకట్టు నిలుస్తుంది; నేల, రైతు ఆరోగ్యం, వినియోగదారుని ఆరోగ్యం క్షీణిస్తాయి. శుద్ధి చేసిన నీటిని నదిలోనికే వదిలి, కత్వలకు నిర్ణీత వాటాను హామీ ఇవ్వడం ఈ రెండింటినీ కలిపే మార్గం. అటువంటి నిర్ణయానికి నది లెక్క, రైతు లెక్క పక్కపక్కన ఉన్న నివేదిక అవసరం. ఆ నివేదికను సిద్ధం చేయగల స్థానంలో ఉన్నది నీటిని, నేలను, పంటను కలిపి చూడటం వృత్తిగా గల వ్యవసాయ శాస్త్రవేత్తలే.